అసౌకర్యానికి చింతిస్తున్నాం, నాన్నా

ఇంట్లో మనుషులు మనుషుల్లా మాట్లాడుకోవడం తక్షణం మానేయాలి! సంసారాల్లో సగం గొడవలకు మూలం అదే. మిగతా సగానికి మూలం ఏమిటని అడక్కండి, అదీ ఇదే.

మరి ఎలా మాట్లాడుకోవాలంటారా? కంప్లైంట్ లైన్‌లో మాట్లాడినట్టు మాట్లాడుకోవాలి. నవ్వకండి. మీరు ఫోన్ చేసినప్పుడల్లా విసుక్కునే ఆ తేనె పూసిన గొంతు ఉందే, "మీ సమస్య నాకు పూర్తిగా అర్థమైంది సార్" అంటూ ఏమీ అర్థం కానివ్వని గొంతు, అదే మానవజాతి ఇన్నాళ్లూ వెతుకుతున్న శాంతి మంత్రమని ఈ వారం నిరూపించబోతున్నాను. ఆధారం కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, మా ఇంట్లోనే ఉంది. మూడు నెలలుగా మా అమ్మాయి నాతో ఒక్కసారి కూడా గొడవపడలేదు.

మా అమ్మాయిని ఎరగనివారికి ఈ వాక్యంలోని గొప్పతనం తెలియదు. పాతికేళ్ల పిల్ల. మాటకు మాట బాకీ ఉంచుకోని రకం. మొన్నమొన్నటి వరకూ మా ఇద్దరికీ పొద్దున ఒక గొడవ, సాయంత్రం ఒక గొడవ తప్పనిసరి. హాల్లో కిటికీ తెరవాలా మూయాలా అన్నదాని మీద ఒక ఆదివారమంతా వాదించుకున్నాం, ఆ కిటికీ బిగుసుకుపోయి ఏడాదైందని మా ఆవిడ గుర్తుచేసేదాకా. "నాన్నా, నువ్వు పట్టిన కుందేలుకి మూడు కాళ్లు కూడా లేవు" అనేది. "నాలుగో కాలు నీ దగ్గరుంటే తెచ్చి అతికించు" అనేవాణ్ణి. అలా అని ఒకరి మీద ఒకరికి కోపం ఉండేది కాదు. గొడవ అయిపోగానే ఇద్దరికీ ఆకలేసేది.

అలాంటి ఇంట్లో ఇప్పుడు సూది పడితే వినిపిస్తోంది. ఇది ఎలా సాధ్యమైంది?

దీనికి ముందు ఒక చిన్న సిద్ధాంతం మనవి చేసుకోవాలి. మనిషి మాట మనిషిది కాదు. పొద్దంతా ఏ గుంపులో గడుపుతాడో ఆ గుంపుది. పుట్టినప్పుడు ఏడుపొక్కటే మన సొంతం, మిగతాదంతా పదిమందీ అంటించిందే. అనుమానం ఉంటే మా ఇంటికి వచ్చి ఒక పూట కూర్చోండి.

మా ఆవిడ నర్సరీ స్కూల్లో టీచరు. మూడేళ్ల పిల్లలు ఇరవై నలుగురు. వాళ్లతో పద్దెనిమిదేళ్లుగా మాట్లాడి మాట్లాడి ఆవిడకు 'నువ్వు', 'మీరు' అనే మాటలు నాలుక మీద నిలవడం మానేశాయి. అన్నీ 'మనం'. నేను తడికాళ్లతో హాల్లోకి వస్తే, "మనం కాళ్లు ఎక్కడ తుడుచుకుంటాం?" అంటుంది. తుడుచుకుంటే చప్పట్లు కొడుతుంది. మొన్న ఇంటికొచ్చిన ప్లంబర్ని, తలుపు కింద వంగి దూరాల్సినంత పొడుగు మనిషిని, "పని అయ్యాక మన సామాను మనమే సర్దుకుంటాం కదా" అంది. ఆయన సర్దుకున్నాడు. అంతటితో ఆగలేదు, చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆవిడ "వెరీ గుడ్" అనేదాకా కదల్లేదు!

మా బావమరిది లిఫ్టు మెకానిక్. పైన ఒకరు, అడుగున గుంతలో ఒకరు ఉండి చేసే పని. పైవాడు చెప్పిన మాటను కిందివాడు తిరిగి చెప్పేదాకా ఎవరూ బటన్ నొక్కకూడదు. ప్రాణాలతో పని గనుక అది వాళ్లకు శాసనం. కానీ మా బావమరిది మా ఇంటికి భోజనానికి వస్తే ఉప్పు అడగడం ఇలా ఉంటుంది. "ఉప్పు." "ఉప్పా?" "ఉప్పే." "ఇస్తున్నా." "ఇవ్వు." "ఇచ్చా." "వచ్చింది." ఒకసారి నేను ఏదో ధ్యాసలో ఉండి తిరిగి చెప్పలేదు. పాపం, భోజనం అయ్యేదాకా చెయ్యి చాపి అలాగే కూర్చున్నాడు.

మా వీధి చివర ఒక పళ్ల డాక్టరు ఉన్నారు. మన నోట్లో అద్దం, గొట్టం, తన రెండు వేళ్లు పెట్టి "పిల్లలేం చేస్తున్నారు?" అని అడగడం ఆయన వృత్తి. జవాబు రాదని ముప్ఫై ఏళ్లుగా తెలుసు. అందుకని బయట ఎక్కడ కలిసినా ప్రశ్న వేసి, మనం నోరు తెరిచేలోగా "చాలా సంతోషం" అని వెళ్లిపోతారు. మనం నోరు తెరవగానే ఆయన చూపు పళ్ల మీదకే పోతుందని ఇంకో ఫిర్యాదు కూడా ఉంది.

ఇక నేను. ఇరవై ఆరేళ్లుగా గ్రంథాలయంలో ఉద్యోగం. గుసగుస నా మాతృభాష. ఇంటికి నిప్పంటుకున్నా నేను చెవి దగ్గరకొచ్చి మెల్లగా చెబుతానని మా ఆవిడ నమ్మకం. మా అమ్మాయితో గొడవలు కూడా నా వైపు నుంచి గుసగుసల్లోనే జరిగేవి. పైగా నన్నొక ఊతపదం పట్టుకుంది. చదువుతూ చదువుతూ పేజీ మూల మడిచే పాఠకులంటే మా వాళ్లందరికీ ఒళ్లుమంట. ఆ మంట మాటలోకి పాకింది. ఏ సంగతి చెప్పబోయినా, "మొదటి పేజీ నుంచి చెబుతాను, మధ్యలో మడత పెట్టకు" అని మొదలుపెడతాను. లోకంలో ఈ వాక్యం అనేవాడు నేనొక్కణ్ణేనని మా ఆవిడ అంటుంది. నాకు అందులో తప్పేమీ కనిపించదు.

ఇప్పుడు మా అమ్మాయి దగ్గరికి వద్దాం. ఏడాది క్రితం ఒక కాల్ సెంటర్లో చేరింది. పెద్ద హాలు, వరసగా బల్లలు, తలకు హెడ్‌సెట్లు. రకరకాల కంపెనీల తరఫున జనం ఫిర్యాదులు వినడం వాళ్ల పని. ఏయే కంపెనీలో నేనెప్పుడూ అడగలేదు, తను చెప్పలేదు. అక్కడి నియమాలు మాత్రం చెప్పింది. 'లేదు', 'కాదు', 'కుదరదు' అనే మాటలు నిషిద్ధం. వస్తువు స్టాకు అయిపోతే "లేదు" అనకూడదు, "ఇంకా రావాల్సి ఉంది" అనాలి. అవతలివాడు తిడితే ఆ తిట్టులో సారాన్ని తీసి మర్యాదగా వాడికే అప్పజెప్పాలి. ప్రతి బల్ల మీదా ఒక చిన్న అద్దం ఉంటుందట. మాట్లాడుతున్నంతసేపూ అందులో చూసుకుంటూ నవ్వాలట. నవ్వు ఫోన్లో వినిపిస్తుందని వాళ్ల నమ్మకం. ఇంత నాగరికత ఏ రాజుగారి కొలువులో ఉండేదండీ?

మొదటి తొమ్మిది నెలలూ ఆ నాగరికతను గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చేది. మూడు నెలల క్రితం ఒక శనివారం ఏదో ట్రైనింగ్ క్లాసు ఉందని వెళ్లి వచ్చింది. ఆ రోజు నుంచి చూడండి, మా ఇంటి దశ తిరిగింది!

"టీవీ సౌండు తగ్గించమ్మా" అన్నాను ఆ సాయంత్రం. మామూలుగా అయితే "చెవులు నీవా టీవీవా" అని మొదలయ్యేది. ఆ రోజు లేచి నిలబడి, "టీవీ సౌండు తగ్గించాలని మీరు కోరుతున్నారు. తప్పకుండా" అంది. తగ్గించింది. "ఇంకేమైనా సహాయం కావాలా?" అని కూడా అడిగింది.

నేను పులకించిపోయాను. కన్నకూతురి చేత 'మీరు' అనిపించుకోవడం ఎంతమందికి దక్కుతుంది? మర్నాడు నా కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టింది. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, నాన్నా" అంది. "చింతిస్తున్నాం" అంటే ఎవరెవరు చింతిస్తున్నారో తెలియలేదు కానీ, మొత్తం సంస్థ వచ్చి నా కళ్లజోడు కోసం తలవంచి నిలబడినట్టు అనిపించింది. ఒక తండ్రికి ఇంతకన్నా ఏం కావాలి?

మా ఆవిడ మాత్రం కలిసిరాలేదు. "మనం ఒక విషయం గమనించామా?" అంది ఒక రోజు. "అది నాతో మామూలుగానే ఉంది. మేనమామతో నవ్వుతూ తుళ్లుతూ ఉంది. మనతో ఒక్కరితోనే అలా మాట్లాడుతోంది." ఆ 'మనం' నేనేనని అర్థం చేసుకోవడానికి కొంచెం సమయం పట్టింది. గౌరవం అంటే అందరికీ పంచిపెట్టేది కాదని ఆవిడకు నచ్చజెప్పాను.

పరిశోధకుణ్ణి గనుక ఒక ప్రయోగం కూడా చేశాను. కావాలనే మా అమ్మాయిని గిల్లాను. తనకు ఇష్టమైన గాయని గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు వేసినట్టు ఉంటుందన్నాను. నిజం చెప్పాలంటే ఆ గాయని అంటే నాకూ ఇష్టమే. పాత రోజుల్లో అయితే ఈ మాటకు రెండు రోజుల యుద్ధం గ్యారంటీ. నేను చొక్కా చేతులు మడిచి సిద్ధంగా కూర్చున్నాను. మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. అద్దంలో చూసి నేర్చుకున్న నవ్వు. "మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది" అని తన గదిలోకి వెళ్లిపోయింది. యుద్ధం రాలేదు. ఆ రోజు ఎందుకో నాకు ఆకలి కూడా వేయలేదు. వాతావరణం మారింది కదా, దానివల్ల అయ్యుంటుంది.

ఇక్కడ శ్రద్ధగల పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు. కంప్లైంట్ లైన్‌లో అటువైపు వాళ్లకు ఒక భాష ఉంటే, ఇటువైపు వాళ్లకు ఉండదా? ఎందుకుండదు! కస్టమర్లది ప్రపంచంలోకెల్లా పెద్ద కులం. చేరడానికి అర్హత అక్కర్లేదు, ఒక వస్తువు పాడైతే చాలు. నోట్లో నాలుక లేనివాడు కూడా ఆ నంబర్ నొక్కేసరికి సింహమవుతాడు. ఎవరూ నేర్పకుండానే "మీ పై ఆఫీసర్ని పిలువు" వచ్చేస్తుంది. "నేనెవరో తెలుసా?" వచ్చేస్తుంది. ఎవరో చెప్పాక కూడా అవతలివాళ్లకు తెలియదు, అది వేరే సంగతి.

ఈ భాషలో నా పాండిత్యానికి ఒక మచ్చుతునక మనవి చేస్తాను. సరిగ్గా మూడు నెలల క్రితం మా వాషింగ్ మెషీన్ ఆగిపోయింది. మీట నొక్కితే బుర్రుమంటుంది, నీళ్లు రావు. ఇంట్లో ఎవరూ లేరు. స్టిక్కరు మీది నంబర్‌కు ఫోన్ చేశాను. ఎవరో చిన్నపిల్ల గొంతు. కొత్తలా ఉంది. "సార్, కొళాయి తిప్పి ఉందో లేదో ఒక్కసారి చూస్తారా?" అంది.

చూస్తారా అంటుందా! ఇరవై ఆరేళ్లు అణచిపెట్టుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. అత్త మీది కోపం దుత్త మీద అన్నారు కానీ, నాకు అత్త మీద కూడా కోపం లేదు, అయినా దుత్త పగిలింది. "మొదటి పేజీ నుంచి చెబుతాను, మధ్యలో మడత పెట్టకు" అని మొదలుపెట్టి పన్నెండు నిమిషాలు మాట్లాడాను. కొళాయి తిప్పడం కూడా రానివాడిలా కనిపిస్తున్నానా అన్నాను. ఫోన్లో కనిపించనన్న సంగతి అప్పుడు తట్టలేదు. బుర్ర ఉందా అన్నాను. ఆ పిల్ల "మీ బాధ నాకు అర్థమైంది సార్" అంటే, "మీ నాన్న నీకు మాట్లాడటం నేర్పలేదా? ఆయనకివ్వు ఫోన్, ఆయనకే చెబుతాను" అన్నాను. ఆ మాట తట్టినందుకు ఆ పూటంతా మురిసిపోయాను కూడా.

సాయంత్రానికి మెషీన్ తిరిగింది. నా గొంతుకు కంపెనీ దడుసుకుందని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి మన మధ్యే ఉండాలి: కొళాయి మూసి ఉంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాకు తెలియక కాదు, మా గ్రంథాలయంలో సామెతల పుస్తకాలు పదకొండున్నాయి.

ఇంతవరకూ నా వాదన ఎంత చక్కగా నడిచిందో చూశారుగా. ఇక్కడే ముగించాల్సింది. కానీ పోయిన ఆదివారం మా ఇంటికి ఒక అతిథి వచ్చింది.

మా అమ్మాయికి ఆఫీసులో ఒక స్నేహితురాలు ఉంది. మా ఇంట్లో ఆ పిల్లను 'పక్క సీటు' అంటాం. రోజూ "పక్క సీటు ఇలా అంది, పక్క సీటు అలా అంది" అని వాళ్లమ్మకు చెబుతూ ఉంటుంది. భోజనానికి పిలవమని మా ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. మా అమ్మాయి మూడు నెలలుగా ఏదో ఒక సాకు చెప్పి తప్పించింది. చివరికి మా ఆవిడే ఫోన్ చేసి పిలిచింది. నర్సరీ టీచర్ పిలిస్తే ఎవరైనా రావాల్సిందే.

బొద్దుగా, ముద్దుగా, నెమ్మదిగా మాట్లాడే పిల్ల. వచ్చీ రాగానే "నమస్తే అంకుల్" అంది. వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు సాయం చేసింది. భోజనాల దగ్గర కూర్చున్నాం. మా బావమరిది కూడా ఉన్నాడు. ఉప్పు కార్యక్రమం యథావిధిగా నడిచింది. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. మా అమ్మాయి మాత్రం కంచంలోంచి తల ఎత్తడం లేదు.

"గ్రంథాలయంలో ఏం చేస్తారు అంకుల్?" అని అడిగింది ఆ పిల్ల. అడిగేవాళ్లు దొరకడమే అపురూపం కదా. కుర్చీ ముందుకు జరుపుకుని, "మొదటి పేజీ నుంచి చెబుతాను తల్లీ, మధ్యలో మడత పెట్టకు" అన్నాను.

ఆ పిల్ల చేతిలో చెంచా ఆగిపోయింది. వీపు నిటారుగా అయింది. మొహం మీదకు ఒక నవ్వు వచ్చి అతుక్కుంది. కళ్లు ఎదురుగా లేని అద్దం కోసం వెతికాయి.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అంది.

మా బావమరిది నవ్వబోయి ఆగిపోయాడు. ఆ పిల్లకే తను ఏమందో తెలిసినట్టు లేదు. ఒక్క క్షణం తర్వాత మొహం ఎర్రబడింది. మా అమ్మాయి వైపు చూసింది, నా వైపు చూసింది. ఇద్దరి ముక్కులూ ఒకేలా ఉంటాయని అందరూ అంటారు. ఆ పోలిక తనకు అప్పుడు కనిపించినట్టుంది.

"సారీ సార్... అంకుల్. అలవాట్లో వచ్చేసింది" అంది. తర్వాత ఏమనాలో తోచక, ఎంతో మర్యాదగా, "ఇప్పుడు మెషీన్ బాగానే తిరుగుతోందా?" అని అడిగింది.

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో మీరు చూసి ఉండరు. ఆ రోజు మా ఇంటికి వచ్చి ఉంటే చూసేవారు. నేనేదో అనబోయాను. గుసగుస కూడా రాలేదు. ఆ పిల్లే నా మీద జాలిపడి, "పర్లేదు అంకుల్. రోజుకి తొంభై కాల్స్ వస్తాయి. ఏవీ గుర్తుండవు" అంది. ఒక్క వాక్యానికి గుర్తుపట్టిన మనిషి ఆ మాట అంటోంది.

ఆ పిల్లను సాగనంపి వచ్చాక మా అమ్మాయి గది తలుపు దగ్గర నిలబడ్డాను. "అసలు ఆ రోజు పరిస్థితి ఏమిటంటే" అని మొదలుపెట్టాను. ఒక కాలమ్‌కు సరిపడా వాదనలు సిద్ధం చేసుకునే వెళ్లాను. "మీరు చెప్పింది నమోదు చేసుకున్నాను" అంది మా అమ్మాయి. "మీ సమయానికి ధన్యవాదాలు." అంతే. మూడు నెలలుగా నేను వరమని మురిసిపోయిన గొంతు అది. అదే గొంతు, అదే మర్యాద. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పడానికి సిగ్గుపడటం లేదు.

తెల్లారి గ్రంథాలయానికి సెలవు పెట్టి స్టిక్కరు మీది నంబర్‌కు ఫోన్ చేశాను. నా కాల్ వాళ్లకు ఎంత ముఖ్యమో తొమ్మిది నిమిషాలు సంగీతంతో సహా చెప్పాక ఒక కుర్రాడు ఎత్తాడు.

"మీ ఫిర్యాదు ఏమిటి సార్?"

"ఫిర్యాదు నా మీదే బాబూ."

"అర్థమైంది సార్. మీ మీద ఫిర్యాదు ఉంది. మోడల్ నంబర్ చెప్పగలరా?"

"యాభై ఆరు" అన్నాను. అది నా వయసు, ఇంకేం చెప్పాలో తోచలేదు.

"ఆ మోడల్ ఇంకా మా లిస్టులోకి రావాల్సి ఉంది సార్."

మూడు నెలల క్రితం ఫలానా రోజు ఫలానా మెషీన్ గురించి ఫోన్ చేసి ఒక అమ్మాయిని అనరాని మాటలన్నాననీ, కొళాయి మూసి ఉందనీ, తప్పంతా నాదేననీ, ఈ సంగతి రికార్డు చేసి అందరికీ వినిపించాలనీ చెప్పాను. అటు కీబోర్డు చప్పుడు చాలాసేపు వినిపించింది. ఇన్స్టలేషన్ ఉంది, రిపేరు ఉంది, రీప్లేస్‌మెంటు ఉంది. క్షమాపణ అనే ఆప్షన్ ఇంకా రావాల్సి ఉందట. పాపం, వాడికి చెమటలు పట్టినట్టున్నాయి. సూపర్‌వైజర్‌ను పిలిచాడు. ఆయన వచ్చి, "మీకేం కావాలి సార్?" అన్నాడు. ఏమీ వద్దన్నాను. "కొత్త మెషీన్ కావాలా?" వద్దన్నాను. "మా మీద కేసు వేయబోతున్నారా?" అసలే వద్దన్నాను. ఆయన గొంతులో అనుమానం పెరుగుతూ పోయింది. మంచి మాటలు మాట్లాడే కస్టమర్‌ను ఆయన తన సర్వీసులో చూసి ఉండడు.

సాయంత్రం తలుపు ధడాలున తెరుచుకుంది. బ్యాగు సోఫా మీద పడింది.

"నీకు బుద్ధుందా నాన్నా?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"అర్ధగంట లైను పట్టుకుంటావా? ఇక్కడ జనం క్యూలో ఏడుస్తుంటే నీ భాగోతం ఒకటా? మా సూపర్‌వైజర్ ఏం చేశాడో తెలుసా? హాలు హాలంతా నిలబెట్టి, 'బయట కొత్త మోసం మొదలైంది, ఎవరో పెద్దాయన ఫోన్ చేసి సారీ చెబుతున్నాడు, ఓటీపీ అడిగితే ఇవ్వకండి' అన్నాడు. ఇంకాసేపుంటే పోలీసులకి చెప్పేవాడు. ఏదైనా చేసేముందు ఇంట్లో ఒక మాట అడగవా? ఎప్పుడూ ఇంతే. కిటికీ అప్పుడూ ఇంతే. నీకు తోచిందే వేదం. ఎదుటివాళ్లు ఏమైపోయినా సరే."

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "మనం నెమ్మదిగా..." అంది. "నువ్వుండమ్మా" అంది మా అమ్మాయి. అలా పావుగంట తిట్టింది. ఎక్కడెక్కడి పాతవో తవ్వి తీసింది. నేను వింటూ నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది.

ఉన్నట్టుండి మా అమ్మాయి గొంతు తగ్గింది.

"ఆ శనివారం క్లాసులో నీ కాల్ పెట్టారు నాన్నా. కోపిష్టి కస్టమర్ ఎలా ఉంటాడో చూడండి అని. పేరు తీసేశారులే. మొదటి పేజీ అనగానే నాకు తెలిసిపోయింది. నువ్వు దాన్ని అడిగావు కదా, 'మీ నాన్న నీకు మాట్లాడటం నేర్పలేదా' అని. అక్కడ ముప్ఫై మందీ నవ్వారు. నేనూ నవ్వాను నాన్నా. నవ్వకపోతే నువ్వని తెలిసిపోతుందని."

నేను మళ్లీ కుర్చీలో కూర్చున్నాను.

"తర్వాత ఒక్కొక్కళ్లనీ లేపి, ఈయనకి నువ్వైతే ఏం చెబుతావని అడిగారు. నా వంతు వచ్చింది. చెప్పాను. గొంతు వణకలేదని అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక నిన్ను చూస్తే ఇంకో గొంతు రాలేదు. ఏం చెయ్యను?"

"తప్పయిందమ్మా" అన్నాను. దాని తర్వాత ఏమీ కలపలేదు.

"నాకు కాదు, దానికి చెప్పు. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు. కొళాయి సంగతి కూడా చెప్పు" అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చి, ఆ గాయని గురించి నేనన్న మాట ఎత్తుకుంది. రేకు డబ్బా ఎవరి గొంతో తేల్చుకుందాం రమ్మంది. ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది.

కాబట్టి పాఠకులారా, మొదట్లో నేను చేసిన వాదన యావత్తూ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ తేనె పూసిన గొంతును ఆ పిల్లలకు కంపెనీలు నేర్పాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేర్పింది మనమే. మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్య మీతో మరీ మర్యాదగా మాట్లాడుతున్నారా? అయితే పొంగిపోకండి. మీరు ఏ పరాయి పిల్ల మీద ఎప్పుడు ఎలా అరిచారో కాస్త గుర్తుచేసుకోండి.